బెట్ట తోటలో ముప్పావు లీటరు

పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటలున్నవాళ్లలో గురప్ప పేరు తెలియనివాళ్లు తక్కువ. ఆయన తోటలు వేసినవాడు కాదు, మందులు అమ్మినవాడూ కాదు. చెట్టుకు నీళ్లు ఏ రోజు ఆపాలో, మళ్లీ ఏ రోజు వదలాలో చెప్పేవాడు. ఆ ఒక్క పనితో ముప్పై ఏళ్లు బతికాడు. ఆ పని చేసిన తీరే చివరికి ఆయన్ని తీసుకుపోయిందని నా నమ్మకం. నమ్మకమే, రుజువు లేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చీనీ అంటే బత్తాయి. దాని సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఏడాది పొడవునా హాయిగా నీళ్లు పెడుతూ పోతే చీనీ చెట్టు ఆకు వేస్తుంది, కొమ్మ వేస్తుంది, పూత మాత్రం సరిగా రాదు. కాపు కావాలంటే కొన్నాళ్లు దాన్ని ఎండగట్టాలి. డ్రిప్పు కట్టేసి దప్పికతో వదిలేయాలి. దాన్నే బెట్ట అంటారు. ఆకు వాడి, ముడుచుకొని, కొంత రాలిపోయాక సరైన రోజు చూసి నీళ్లు వదిలితే ఒళ్లంతా పూత తొడుగుతుంది. నాలుగు రోజులు ముందు వదిలితే పూత పలచన. నాలుగు రోజులు ఆలస్యమైతే కొమ్మలు ఎండుతాయి. నేల లోతును బట్టి, ఎండను బట్టి, చెట్టు వయసును బట్టి ఈ లెక్క తోటతోటకూ మారుతుంది. పుస్తకంలో మాత్రం మూడు వారాలని రాసి ఉంటుంది. రాసినవాడికేం పోయింది!

నా పేరు శివప్రసాద్. జమ్మలమడుగులో ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లు బాటనీ చెప్పి రిటైరయ్యాను. ఇంకా ఉద్యోగంలో ఉండగానే, పులివెందులకు ఇవతల నాలుగెకరాల చీనీ తోట నా భార్య వైపు నుంచి మాకు వచ్చింది. మొదటి ఏడు, చెట్ల గురించి నాకొకరు చెప్పేదేమిటన్న పొగరుతో బెట్ట నేనే పెట్టాను. సరిగ్గా ఇరవై ఒకటో రోజున డ్రిప్పు విప్పి, పాపం ఎండిపోయి ఉన్నాయి కదా అని పగలంతా నీళ్లు వదిలాను. పూత విరగబడి వచ్చింది. వారం తిరిగేసరికి మొత్తం నేల మీద ఉంది. ఆ తెల్లటి పూత తొక్కుకుంటూ నడవాల్సి వచ్చినప్పుడు నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

పక్క తోట హబీబుల్లాది. చీనీ కాయల వ్యాపారం చేసి, ఆ తర్వాత తోట కొన్న మనిషి. కంచె దగ్గర నిలబడి అంతా చూసి, "చదువుకున్నోనివి, గురప్పను పిలిపించుకోవాలని తెలీకపాయెనా సార్?" అని పుల్ల విరిచినట్టు ఒక మాట అనేసి పోయాడు.

మరుసటి ఏడు పిలిపించుకున్నాను. సన్నటి మనిషి, తలకు తువ్వాలు, మోకాళ్ల దాకా పంచె. వాళ్లది గొర్రెలు మేపే కుటుంబం. మేత తగ్గి, మందలు తగ్గి, గురప్ప చిన్నతనంలోనే వాళ్ల మేనమామ తోటల పనికి మళ్లాడు. ఈ విద్య ఆ మేనమామ దగ్గర నేర్చుకున్నదే. పొద్దు పొడవకముందే తోటలోకి వచ్చి, ఒక్కో సాలులో నాలుగైదు చెట్ల దగ్గర ఆగి, ఆకును రెండు వేళ్ల నడుమ పట్టుకొనేవాడు. మధ్యాహ్నం మళ్లీ అదే చెట్టు దగ్గర, అదే ఆకు. సాయంత్రం మళ్లీ. మరునాడు తెల్లారి మళ్లీ.

"మధ్యాన్నం ముడుచుకునేది లెక్క కాదు సార్. ఎండకు ఎవురైనా ముడుచుకుంటారు. తెల్లారేతలికి ఇచ్చుకుంటాందా ల్యాదా, అది చూడాల. ఇచ్చుకుంటే దానికాడ ఇంగా నీళ్లుండాయి. తెల్లారినా ఇచ్చుకోల్యా అంటే ఆ పొద్దే నీళ్లిడవాల. అది గూడా ఒక్కతూరి కాదు. మొదట నోరు తడిపినట్ల, నాలుగు దినాలకు సగం కడుపుకు, ఆమీట నిండుగా."

నేను ముప్పై ఏళ్లు బోర్డు మీద నీలం చాక్‌పీసుతో గీసిన బొమ్మ అదే. వేరు నుంచి ఆకు దాకా వెంట్రుక కన్నా సన్నని గొట్టాలు. ఆకులోంచి ఆవిరైపోయే ప్రతి చుక్కా తన వెనకున్న చుక్కను లాక్కుంటుంది. నీటికి నీళ్లంటే ప్రీతి, ఒకదాన్నొకటి వదలవు. అలా కింది దాకా ఒకే తీగ. రాత్రి ఎండ లేక లాగుడు ఆగుతుంది, వేరు మెల్లగా నింపుకుంటుంది, తెల్లారికి ఆకు విచ్చుకుంటుంది. నింపుకోవడానికి నేలలో ఏమీ లేనప్పుడు లాగుడు ఎక్కువై తీగ పుటుక్కున తెగుతుంది. గొట్టంలోకి గాలి చేరుతుంది. ఆ కొమ్మ మళ్లీ లేవడం కష్టం.

ఇదంతా గురప్పకు చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"గుండెకాయ ల్యాకుండానే అంత పైకి పోతాయా?"

"పోతాయి. పైనుంచి లాగుతుంది, అంతే."

"మడిసికి గుండెకాయ ఉండి గూడా ఎన్ని అగసాట్లో" అని నవ్వాడు. ఆయన నవ్వు చూసింది తక్కువ, అందుకే గుర్తుంది.

ఇప్పుడు ఆయన నియమం గురించి చెప్పాలి. గురప్ప తోట దగ్గరికి రాగానే సంచిలోంచి నీళ్ల బాటిల్ తీసి కంచె బయట పాతిన రాతికూసానికి తగిలించేవాడు. బెట్టలో ఉన్న తోట లోపల నీళ్లు తాగేవాడు కాదు. చెట్లు దప్పికతో ఉన్నప్పుడు వాటి మధ్య నిలబడి గొంతు తడుపుకోవడం పాపమని మేనమామ చెప్పాడట. తాగాలంటే బయటికి రావచ్చు. కానీ పొద్దున లోపలికి పోయినవాడు సాయంత్రం ఆకు చూసేదాకా బయటికి వచ్చేవాడు కాదు. మా దగ్గర ఏప్రిల్ ఎండ, మే ఎండ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఒక తోట అయితే ఇంకో తోట. వేసవిలో దాదాపు రెండు నెలలు, పగలంతా చుక్క నీళ్లు లేకుండా, ముప్పై ఏళ్లు.

రైతులకు అదే నమ్మకం. చెట్టుతోబాటు తానూ ఎండినవాడి మాట తప్పదని. నాకూ ముచ్చటే. క్లాసులో పిల్లలకు గొప్పగా చెప్పేవాణ్ణి, మా తోటకు ఇలాంటి మనిషి వస్తాడని. చెమటగా పోయిన నీళ్లు తిరిగి రాకపోతే రక్తం చిక్కబడుతుందని, ఒంట్లో ఉప్పూ చక్కెరా చెత్తా అంతా నీళ్ల మీదే ప్రయాణం చేస్తాయని, ఆ చెత్తను వడగట్టే మూత్రపిండాలకు నీళ్లే ఆధారమని, జువాలజీ లెక్చరర్ రాని రోజుల్లో అదే క్లాసులో అదే నోటితో చెప్పేవాణ్ణి. ఒక్కసారి కూడా గురప్పతో, "తాగు గురప్పా" అనలేదు. నాకు దాహమేస్తే మాత్రం ఆయన ఎదుట తాగడం మర్యాద కాదని కంచె దాటి, కారు వెనక్కి పోయి తాగి వచ్చేవాణ్ణి. చదువు ఎందుకు పనికొచ్చిందో చూడండి.

కరోనా తగ్గిన ఏడాది గురప్ప కాళ్లు వాచాయి. అన్నం సయించదు, వాంతులు. ప్రొద్దుటూరుకు తీసుకుపోయి పరీక్షలు చేయిస్తే రెండు మూత్రపిండాలూ దాదాపు పోయాయన్నారు. డాక్టరు కారణం ఒక్క మాటలో తేల్చలేదు. బీపీ కావచ్చు, నడుం నొప్పికి ఏళ్ల తరబడి మింగిన మాత్రలు కావచ్చు, ఎండలో నీళ్లు లేకుండా చేసిన పని కావచ్చు, అన్నీ కలిసీ కావచ్చు అన్నాడు. మూడో మాట విన్నప్పుడు నేను గురప్ప మొహం చూడలేకపోయాను.

వారానికి మూడు సార్లు డయాలసిస్. ముద్దనూరు మీదుగా బస్సులో ప్రొద్దుటూరు వచ్చేవాడు. తోడుగా భార్య పెద్దసుబ్బమ్మ. జమ్మలమడుగు నుంచి నాకు అరగంట ప్రయాణం కాబట్టి వీలైనప్పుడల్లా పోయి పక్కన కూర్చునేవాణ్ణి. అక్కడి టెక్నీషియన్ మొయిన్ ఓపిక గల కుర్రాడు. మొదటి రోజే అన్నీ విడమర్చి చెప్పాడు. "గురప్ప మామా, రక్తం ఈ పక్క పోతాది, మందు నీళ్లు ఆ పక్క. నడుమ సన్నటి పొర. చెత్త ఆ పొరలో నుంచి నీళ్లలోకి దిగిపోతాది. ఇంగ నువ్వు రోజుకు ముప్పావు లీటరుకు మించి తాగగూడదు. మజ్జిగైనా, కాఫీ అయినా, అన్నీ అందులోనే."

గురప్ప గొట్టాల వంక చూశాడు. "అంటే నాకు గూడా డ్రిప్పు కట్టినారు" అన్నాడు.

జీవితమంతా నీళ్లు తాగనందుకు జబ్బు వచ్చినవాడికి ఇక నీళ్లు తాగొద్దన్నారు. ఇంతకన్నా అన్యాయం నేను చూడలేదు. ఒంట్లోకి పోయిన నీళ్లు బయటికి రావు, కాళ్లలోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరతాయి. తూకం మిషన్ ఎక్కితే కిలో పెరిగాడంటే లీటరు నీళ్లు లోపల ఉన్నట్టే. మిగతావాళ్లు రెండు కిలోలు, మూడు కిలోలు పెరిగి వచ్చి, ఒక్కసారిగా అంత నీరు తీసేసరికి బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసి కేకలు పెట్టేవారు. అలాంటప్పుడు గురప్ప పక్క మంచం మీది నుంచి, "నిదానంగా తియ్యి మొయినూ, ఒక్కతూరి పెట్టినా తప్పే, ఒక్కతూరి తీసినా తప్పే" అనేవాడు. ఆయన మాత్రం ఎప్పుడూ కిలో కిలోంబావు దాటలేదు. బాటిల్ మీద మార్కరుతో మూడు గీతలు గీయించుకున్నాడు. పొద్దుటికి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి, రాత్రికి ఒకటి. అందరికన్నా బాగా ఓర్చుకుంటున్నాడని నర్సులు మెచ్చుకునేవారు. ఓర్చుకోవడం ఆయన నేర్చుకున్నదే కదా, దాన్నెవరూ మెచ్చుకోకుండా ఉంటే బాగుండునని నాకు లోపల మండేది.

తోటల పని కూతురు కుసుమ అందుకుంది. కుసుమ నా దగ్గర ఇంటర్ చదివింది. ముప్పై దాటిన మనిషి, భర్త కలమల్ల పవర్ ప్లాంటులో పని. చిన్నప్పటి నుంచి తండ్రి వెంట తోటలు తిరిగి ఆకు పట్టడం నేర్చింది. స్కూటీ వేసుకొని తోటతోటకూ పోయేది. ఆడమనిషి ఏం చూస్తుందని మొదట గొణిగినవాళ్లున్నారు. తొలి కాపు చూసి నోరు మూసుకున్నారు.

ఆమె పనికి దిగిన రెండో ఏడు మే నెలలో, బెట్ట పెట్టిన పదహారో రోజున నేను మధ్యాహ్నం మా తోటకు పోయాను. కంచె బయట రాతికూసానికి నీళ్ల బాటిల్ వేలాడుతోంది. నిండుగా ఉంది. మూత సీలు కూడా తీయలేదు. లోపల కుసుమ మూడో సాలులో ఆకు పట్టుకొని నిలబడి ఉంది. పెదవులు పగిలి, మొహం నల్లబడి ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా? మీ నాయన్ని చూస్తూ కూడా?" అని అరిచాను.

"నాయన తాగల్యా, నేనెట్ల తాగేది సార్?" అంది. "రైతులు వచ్చేదే బాటిల్ యాడుందో చూసేదానికి. లోపలికి తెచ్చుకున్న్యానంటే రేపు ఒక్కరు గూడా పిలవరు. నాయన పేరు పోతాది."

"పేరు పోతే పోయింది."

"మీకు చెప్పడానికి సులువు సార్" అంది. నిజమే. కారు వెనక్కి పోయి తాగి వచ్చినవాణ్ణి కదా.

మరునాడు ప్రొద్దుటూరులో, మంచం పక్కన కూర్చొని, గురప్పతో ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దసుబ్బమ్మ విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నీ వొట్టు నా బిడ్డకు గూడా అంటిందా?" అంది మొగుడితో. గురప్ప గొట్టంలో తిరుగుతున్న తన రక్తం వంక చూస్తూ ఉండిపోయాడు. మొయిన్ సూదులు తీసి దూది అదిమి పెట్టాక అన్నాడు:

"రేపు తెల్లారి నన్ను తోటకు తీస్కపో సార్. హబీబుల్లాను, మిగతా రైతులను గూడా రమ్మను."

ఏం చేయబోతున్నాడో నాకు అర్థమైంది. ఏం పోగొట్టుకోబోతున్నాడో కూడా అర్థమైంది. ఆ మనిషికి పొలం లేదు, మంద లేదు. ఉన్నదల్లా ఆ పేరే. ముప్పై ఏళ్లు తాను పట్టింది తప్పని, తనను దేవుడిలా చూసిన రైతుల ముందే ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే కూతురు ఆ మంచం మీదికి వస్తుంది.

మరునాడు పొద్దు పొడిచే వేళకు మా తోట దగ్గర ఆరేడు మంది రైతులున్నారు. ఆ రోజు కుసుమ ఆకు చూసి నీళ్ల సంగతి తేల్చే రోజు. గురప్ప కారు దిగాడు. చేతిలో మూడు గీతల బాటిల్, ఆ రోజుకు సరిపడా ముప్పావు లీటరు. కుసుమ తన బాటిల్ అప్పటికే కూసానికి తగిలించింది. తండ్రిది కూడా తగిలించడానికి చేయి చాచింది. ఆయన ఇవ్వలేదు. బాటిల్‌తోనే కంచె దాటి లోపలికి నడిచాడు.

మొదటి చెట్టు దగ్గర ఆగి, మూత విప్పి, మూతలోకి కొద్దిగా వంచుకొని తాగాడు. గుక్కెడు కూడా ఉండవు. ముప్పై ఏళ్లలో బెట్ట తోటలో ఆయన తాగిన మొదటి నీళ్లు అవి. తాగి, బాటిల్ కూతురికి చాచాడు.

"తాగు పాపా."

"అది నీ దినం నీళ్లు నాయనా."

"నావే. అందుకే ఇస్తాండా. పారబోస్తావా, తాగుతావా?"

కుసుమ రైతుల వైపు చూసింది. గురప్ప కూడా వాళ్ల వైపే తిరిగాడు. గొంతు పెద్దది చేసే శక్తి లేదు, మెల్లగానే అన్నాడు.

"చెట్టు నన్నేమీ అడగల్యా అప్పా. నేనే పెట్టుకున్న్యా. నేను ఎండితే దానికేమన్నా చెమ్మ పెరిగిందా? మనం దాని దప్పిక చూసేదానికి వచ్చినాం గానీ, పంచుకునేదానికి రాల్యా. నాకు ఆకు తెలుసు, అది నిజం. ఈ నీళ్లు తాగని నేమం మాత్రం తప్పు. నా బిడ్డ తాగుతాది. తాగినోళ్ల మాట మీద నమ్మకం ల్యాకపోతే పిలవాకండి."

ఒకాయన తల అడ్డంగా ఊపి బండి దగ్గరికి వెళ్లిపోయాడు. ఇంకొకాయన నేల చూపులు చూశాడు. హబీబుల్లా గొంతు సవరించుకొని, "రంజాన్ రోజాలో గూడా జబ్బు చేసినోళ్లకు, దోవలో ఉండేటోళ్లకు మినహాయింపు ఉండాది గురప్పా. మాకు ఆ మాత్రం తెలీదా? తాగమ్మా" అన్నాడు.

కుసుమ తాగింది. ఏడుస్తూ తాగింది. మొదటి గీత దాటింది, రెండో గీత దాటింది. ఆగబోతే తండ్రి కళ్లతోనే ఇంకా అన్నాడు. అడుగున నాలుగు గుక్కలు మిగిల్చి మూత పెట్టింది. ఆ నాలుగు గుక్కలతో ఆయన మరునాటి పొద్దుట దాకా ఉన్నాడు. ఇంకాస్త తాగొచ్చు కదా అని పెద్దసుబ్బమ్మ బతిమాలినా లెక్క తప్పలేదట.

తర్వాత కుసుమ కళ్లు తుడుచుకొని ఆకు పట్టుకుంది. నాలుగు చెట్లు చూసి, "ఇచ్చుకున్న్యాయి. ఇంగా రెండు దినాలు ఆగాల సార్" అంది. గురప్ప ఆ ఆకును ముట్టుకోలేదు. "ఆమె చెప్పినట్ల చెయ్యి" అని నాతో అని కారెక్కాడు.

ఆ కార్తీకంలో గురప్ప పోయాడు. డయాలసిస్ లేని రోజు, ఇంట్లోనే, తెల్లవారుజామున గుండె ఆగింది. నోట్లో తులసి నీళ్లు పోస్తున్నప్పుడు పెద్దసుబ్బమ్మ ఇంకా పోయమంది, ఇప్పుడు ఎవరు కొలుస్తారు అంది. అక్కడున్నవాళ్లం ఎవరమూ తట్టుకోలేకపోయాం.

అంతా బాగైపోయిందని చెప్పను. మరుసటి వేసవిలో ఐదు తోటలవాళ్లు కుసుమను పిలవడం మానేశారు. వాళ్లలో ఇద్దరు మళ్లీ వచ్చారు, ముగ్గురు రాలేదు. హబీబుల్లా మాత్రం తన తోట గేటు లోపల నీళ్ల కుండ పెట్టించాడు. నేను ఇప్పుడు కంచె లోపలే నిలబడి తాగుతున్నాను, పదిహేనేళ్లు ఆలస్యంగా.

తండ్రి బాటిల్‌ను కుసుమ తన దగ్గర పెట్టుకుంది. గీతలు ఇంకా చెరిగిపోలేదు. తోటకు వచ్చేముందు దాన్ని ఆ గీతల పైదాకా, మూత అంచుకు తగిలేటట్టు నింపుతుంది. లోపలికి రాగానే ముందు నీళ్లు తాగుతుంది, ఆ తర్వాత ఆకు పట్టుకుంటుంది.